నూట నలభై రోజుల అరువు

2023 జూలై మొదటి వారంలో బ్యాంకు మేనేజరు గారు ఫోన్ చేసి, "మీ డ్రాయింగ్ పవర్ తగ్గిందండీ, ఒకసారి వచ్చి వెళ్ళండి" అన్నప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. ఆ ఏడాది మా దగ్గర ఉన్నన్ని ఆర్డర్లు అంతకు ముందెన్నడూ లేవు. హైదరాబాద్ బాలానగర్‌లో విడిభాగాలు తయారుచేసే మా షెడ్డులో రెండు షిఫ్టులూ నడుస్తున్నాయి, ముప్పై నాలుగు మంది పనిచేస్తున్నారు, ఆదివారాలు కూడా ఓవర్‌టైం ఇచ్చి సరుకు పంపుతున్నాము. అంత పనున్న యూనిట్‌కు డబ్బు కటకట ఏమిటని లోలోపల గొణుక్కుంటూనే బ్యాంకుకు వెళ్ళాను.

ఆయన ఒక తెల్లకాగితం తీసుకుని లెక్క వేసి చూపించారు. మా సీసీ, అంటే సరుకు, బాకీలు చూపించి వాడుకునే క్యాష్ క్రెడిట్ రుణం పరిమితి 1.50 కోట్లు. ప్రతి నెలా మేము ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లోని సరుకునూ మాకు రావలసిన బాకీలనూ కలిపి, మేము ఇవ్వవలసిన బాకీలను తీసేసి, మిగిలినదాంట్లో 25 శాతం మార్జిన్ పట్టుకోగా వచ్చే మొత్తమే మేము వాడుకోగలిగింది, అదే డ్రాయింగ్ పవర్. తొంభై రోజులు దాటిన బాకీలను మా బ్యాంకు ఈ లెక్కలోకి తీసుకోదు. మాకు రావలసినవాటిలో అలా దాటిపోయినవి 71 లక్షలు. వాటిని తీసేసరికి మా డ్రాయింగ్ పవర్ 1.27 కోట్లకు దిగింది. మేము అప్పటికే 1.48 కోట్లు వాడేశాము. ఆ 21 లక్షలు సర్దకుండా ముప్పై రోజులు దాటితే ఖాతా ఎస్ఎంఏ-1 (చిక్కుల్లో పడుతోందన్న హెచ్చరిక గుర్తు) అవుతుందనీ, అరవై దాటితే ఎస్ఎంఏ-2, తొంభై దాటితే మొండి బాకీ కిందికి పోతుందనీ ఆయన మర్యాదగానే చెప్పారు. ఆ 71 లక్షల్లో ఒక్క రూపాయి కూడా రెండో కస్టమరుది కాదు. మొత్తం ఒకే కంపెనీది.

ఆ కంపెనీ పేరు చెప్పను. వాల్వులు, పంపులు తయారుచేసే పెద్ద సంస్థ అని మాత్రం చెబితే చాలు. మా నాన్నగారు 1984లో రెండు సెకండ్ హ్యాండ్ లేత్ మిషన్లతో అద్దె షెడ్డులో ఈ యూనిట్ మొదలుపెట్టారు. అప్పట్లో బాలానగర్ అంటే ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్, విమానాల సంస్థ హెచ్ఏఎల్, పనివాళ్ళకు టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ. వాటి చుట్టూ చిన్న షెడ్లు చెట్టు కింద మొక్కల్లా బతికేవి. ఐడీపీఎల్ 1992లో ఖాయిలా పరిశ్రమగా, అలాంటి సంస్థల కేసులు చూసే బీఐఎఫ్ఆర్ ముందుకు వెళ్ళిన రోజుల గురించి నాన్నగారు తరచూ చెప్పేవారు. ఒకే గేటు నమ్ముకుని బతకకూడదని ఆయనకు అప్పుడే తెలుసు. అయినా 2015లో ఆ వాల్వుల కంపెనీ మమ్మల్ని సప్లయరుగా నమోదు చేసుకుని వెండర్ కోడ్ ఇచ్చిన రోజున షెడ్డులో అందరికీ మిఠాయిలు పంచింది ఆయనే. ఆ ముందు రెండు మూడేళ్ళు పవర్ హాలిడేలు, జనరేటర్ డీజిలు ఖర్చులు, చేతిలో సగం పని అన్నట్టుగా గడిపినవాళ్ళం కాబట్టి, నెలనెలా షెడ్యూలు పంపే కస్టమరు దొరకడం మాకు దేవుడు కనిపించినట్టే అనిపించింది.

తర్వాత జరిగినదంతా ఒక్కొక్క అడుగుగా చూస్తే ఏదీ తప్పనిపించదు. 2018లో వాళ్ళ పని కోసం కంప్యూటరు ఆదేశాలతో లోహాన్ని కోసే వీఎంసీ మిషన్ మొదటిది కొన్నాము, 2021లో రెండోది. రెండూ టర్మ్ లోన్ల మీదే. కోవిడ్ వచ్చినప్పుడు ప్రభుత్వ గ్యారంటీతో ఇచ్చిన ఈసీఎల్‌జీఎస్ రుణం, అంటే 2020 ఫిబ్రవరి 29 నాటి బాకీ మీద అదనంగా 20 శాతం, మేమూ తీసుకున్నాము. ఏడాది మారటోరియం పోయాక ఆ వాయిదాలు కూడా తోడయ్యాయి. 2022-23లో మా అమ్మకాలు 6.4 కోట్లకు చేరాయి, అందులో 70 శాతం ఆ ఒక్క కంపెనీకే. మొదట్లో 60 రోజులకు డబ్బు వచ్చేది. ఆ తర్వాత 90 అయింది. 2023 వేసవికి 140 అయింది. ఎవరూ మాకు ఉత్తరం రాసి గడువు పెంచలేదు. అకౌంట్స్ విభాగంలో "వచ్చే వారం ఆర్‌టీజీఎస్ పడుతుంది" అన్న మాట ఒక్కటే నెలనెలా కొంచెం సాగుతూ పోయింది.

బయటివాళ్ళకు సరిగా అర్థం కానిది జీఎస్టీ సంగతి. ఆ కంపెనీకి నెలకు దాదాపు 37 లక్షల సరుకు వెళ్ళేది. దాని మీద 18 శాతం పన్ను కలిపితే ఇన్వాయిస్ విలువ 44 లక్షలు. డబ్బు చేతికి వచ్చినా రాకపోయినా మరుసటి నెల 20వ తేదీలోగా మేము ఆ పన్ను కట్టాలి. మా కొనుగోళ్ళ మీద ముందే కట్టిన పన్ను తాలూకు క్రెడిట్ పోగా ఏ నెలైనా నాలుగైదు లక్షలు చేతినుంచి పడేది. కట్టకుండా ఆగుదామంటే అదీ కుదరదు. మా ఇన్వాయిస్ వాళ్ళ పోర్టల్‌లో కనిపించకపోతే ఆ మేరకు చెల్లింపు నిలిపేస్తారు. మేము ఇంకా కళ్ళ చూడని డబ్బు మీద పన్నును మా సీసీ నుంచి 11 శాతం వడ్డీకి తెచ్చి కట్టి, ఆ క్రెడిట్‌ను వాళ్ళకు అందజేశాము. పేరుకు మేము విడిభాగాలు తయారుచేసేవాళ్ళం. లెక్కల్లో చూస్తే ఆ కంపెనీకి పూచీకత్తు లేకుండా, వడ్డీ అడగకుండా రెండు కోట్లు అప్పు ఇచ్చిన ఫైనాన్స్ వ్యాపారులం.

ఆ నెలలో ముందు చేయవలసింది ఆ 21 లక్షలు సర్దడం. మా ఆవిడ నగలు తాకట్టు పెడితే 14 లక్షలు వచ్చాయి, మిగతాది ఒక మిత్రుని దగ్గర చేబదులు. అది కూడా గడువు దాటాక సర్దాము కాబట్టి ఎస్ఎంఏ-1 మచ్చ పడనే పడింది. దాని ఫలితం ఏడాది తర్వాత లిమిట్ రెన్యువల్‌లో వడ్డీ రేటు రూపంలో కనబడింది. ఆ జీతాల రోజున మా ఫోర్‌మన్ గారు నా దగ్గరికి వచ్చి, "చిన్న సార్, నాది పదో తారీకున ఇవ్వండి, ముందు పిల్లలున్నవాళ్ళకు ఇచ్చేయండి" అన్నారు. ఇరవై ఏడేళ్ళుగా మా దగ్గర పనిచేస్తున్న మనిషి. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మా ఆడిటరు గారు ఒక సలహా ఇచ్చారు: "వాళ్ళతో పోట్లాడే ముందు, వాళ్ళ పని వల్ల నీకు అసలు ఎంత మిగులుతోందో చూసుకో." మిగులుతోందనే నా నమ్మకం. మా వీఎంసీ గంట రేటు 2018లో 550 రూపాయలుగా పెట్టాము. ఒక్కో మిషన్ మీద వాయిదా, ఇద్దరు ఆపరేటర్ల జీతం, కరెంటు, ఇన్సర్టులు, కూలంట్, అద్దెలో వాటా, ప్రోగ్రామర్ ఖర్చు అన్నీ కలిపితే నెలకు 1.74 లక్షలు వచ్చింది. రెండు షిఫ్టులు, ఇరవై అయిదు రోజులు, అంటే 400 గంటలు. గంటకు 435 రూపాయలు. 550కి అమ్ముతున్నాము కనుక లాభమేనని నేను అయిదేళ్ళుగా అనుకుంటున్నాను.

ఆడిటరు గారు ఒప్పుకోలేదు. మిషన్ నిజంగా ఎన్ని గంటలు లోహాన్ని కోస్తోందో రాయమన్నారు. ఆగస్టు నెలంతా ప్రతి మిషన్ పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీసి, స్పిండిల్ ఎప్పుడు తిరిగింది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అని ఆపరేటర్ల చేత రాయించాము. మొదటి వారం అందరూ మంచి అంకెలే రాశారు. తమ పనితనాన్ని లెక్కగడుతున్నామేమోనని వాళ్ళ భయం. ఆగిన కారణం వాళ్ళ తప్పు కాదని, రేటు తేల్చుకోవడానికే ఇదంతా అని ఫోర్‌మన్ గారు ఒక్కొక్కరికీ నచ్చజెప్పాక నిజమైన అంకెలు బయటికి వచ్చాయి. నెలకు 245 గంటలు. మిగతా 155 గంటల్లో ఎక్కువ భాగం సెట్టింగుకే, అంటే కొత్త రకం ముక్కకు మిషన్‌ను సిద్ధం చేయడానికే పోతోంది. ఆ కంపెనీ పదేసి ఇరవయ్యేసి ముక్కల లాట్లుగా ఆర్డరిస్తుంది. ఒక్కో సెట్టింగుకు మూడు గంటలు, ఆ తర్వాత మొదటి ముక్కను వాళ్ళ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా మిషన్ ఆగి ఉంటుంది. 1.74 లక్షలను 245 గంటలతో భాగిస్తే గంటకు 710 రూపాయలు. దాన్ని మేము 550కి అమ్ముతున్నాము.

పైగా, గడువు 60 నుంచి 140 రోజులకు సాగడం వల్ల అదనంగా ఇరుక్కున్న 1.15 కోట్ల మీద ఏడాదికి పన్నెండున్నర లక్షల వడ్డీ. ఇవన్నీ కలిపి చూస్తే, లేత్ పనుల్లోనూ చిన్నచిన్న కస్టమర్ల దగ్గరా సంపాదించినదాన్ని తీసుకెళ్ళి మా అతిపెద్ద కస్టమరుకు పోస్తున్నామని తేలింది. అమ్మకాలు పెరిగిన ప్రతి సంవత్సరమూ మేము ఎందుకు మరింత ఇబ్బంది పడ్డామో ఆ ఒక్క పేజీ చూశాక అర్థమైంది. ఇంజనీరింగ్ చదివి, పద్నాలుగేళ్ళు షెడ్డు నడిపి, మిషన్ ఆగిన గంటలను ఒక్కసారి కూడా లెక్కపెట్టుకోలేదంటే ఎవరిని తప్పుపట్టాలో నాకు తెలుసు.

ఇక వసూలు. మొదట మర్యాదగా కలిసి మాట్లాడాను. పర్చేజ్ విభాగం వాళ్ళు సానుభూతి చూపి, ఫైనాన్స్ విభాగం వైపు చూపించారు. ఫైనాన్స్ వాళ్ళు పర్చేజ్ నుంచి క్లియరెన్స్ రాలేదన్నారు. ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదిక మీద మా ఇన్వాయిస్‌లు పెడితే ఏదో ఒక బ్యాంకు వేలంలో కొని మాకు డబ్బిచ్చేస్తుంది కదా అని అడిగాను. 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు అందులో నమోదు కావాలని 2018లోనే కేంద్రం చెప్పింది. ఆ కంపెనీ నమోదు అయ్యే ఉంది. కానీ అక్కడ ఇన్వాయిస్‌ను కొనుగోలుదారు అంగీకరిస్తేనే వేలానికి వస్తుంది. వాళ్ళు ఒక్కటి కూడా అంగీకరించలేదు. అంగీకరిస్తే గడువు నాటికి బ్యాంకుకు తప్పకుండా కట్టాలి కదా, మాకైతే "వచ్చే వారం" అంటే సరిపోతుంది.

మిగిలిన దారి ఎంఎస్ఎంఈడీ చట్టం. 2006 నాటి ఆ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు తీసుకున్నవాళ్ళు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులకు మించి గడువు పెట్టుకోవడానికి వీల్లేదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీగా ఇవ్వాలి. అప్పుడు బ్యాంకు రేటు 6.75 శాతం కనుక మాకు రావలసిన వడ్డీ 20.25 శాతం. ఇవ్వకపోతే అప్పట్లో ప్రభుత్వ సమాధాన్ పోర్టల్ ద్వారా, ఇలాంటి బాకీల తగవులు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకునే వీలుండేది. ఇదంతా నాకు చాలాకాలంగా తెలుసు, బాలానగర్‌లో అందరికీ తెలుసు. ఫిర్యాదు చేస్తే ఆ కస్టమరు మళ్ళీ మన గడప తొక్కడని కూడా అందరికీ తెలుసు. అందుకే ఆ చట్టం చాలామందికి టీ దగ్గర మాట్లాడుకోవడానికే పనికొస్తోంది.

మా ఇంట్లో ఈ విషయం మీద రెండు వారాలు మాటల్లేవు. "ఎనిమిదేళ్ళు అన్నం పెట్టిన ఇంటి మీదికి నోటీసు పంపుతావురా?" అని నాన్నగారు. "ఇప్పుడు పెడుతున్నది మనమే నాన్నగారూ, వాళ్ళు కాదు" అని నేను. 710 రూపాయల పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, రెండు రోజులు తనే షెడ్డులో మిషన్ల పక్కన కూర్చుని చూసి, మూడో రోజు, "ముందు ఉత్తరం రాయి, ఆ తర్వాతే కేసు" అన్నారు. అంతవరకే ఒప్పుకున్నారు. అదీ సరైన మాటే.

అక్టోబరులో చట్టంలోని 15, 16 సెక్షన్లు ఉదహరిస్తూ ఉత్తరం పంపాము. పది రోజుల్లో జవాబు వచ్చింది, కానీ డబ్బు గురించి కాదు. ఎప్పుడో ఎనిమిది తొమ్మిది నెలల కింద వెళ్ళిన సరుకులో లోపాలున్నాయంటూ 11.4 లక్షల డెబిట్ నోట్లు, అంటే మా బాకీలోంచి అంత కోసుకుంటున్నామనే కాగితాలు పంపారు. ఇక్కడ మమ్మల్ని ఆదుకున్నది ఫోర్‌మన్ గారి లాంగ్ నోటు బుక్కు. ఎవరూ అడగకపోయినా ఆయన తిరిగొచ్చిన ప్రతి ముక్కనూ తేదీ, గేట్ పాస్ నంబరుతో సహా అందులో రాసుకున్నారు. సరుకు అందిన పదిహేను రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని స్వీకరించినట్టే లెక్క అని ఆ చట్టమే చెబుతుంది. ఆయన పుస్తకం ప్రకారం నిజంగా మా తప్పు వల్ల తిరిగొచ్చినవి 2.1 లక్షల విలువైనవి. అవి మేము ఒప్పుకున్నాము. మిగతా 9.3 లక్షలకు ఒక్క కాగితం ముక్క కూడా వాళ్ళు చూపించలేకపోయారు. మా వైపు కాగితాలూ అంత చక్కగా ఏమీ లేవు. గేటు ముద్ర పడిన డెలివరీ చలానాలు కొన్ని దొరకలేదు. నలభై రెండు ఇన్వాయిస్‌ల చలానాల కోసం మా అకౌంట్స్ అమ్మాయి, నేను మూడు రాత్రులు పాత అట్టపెట్టెలు వెతికాము. నాలుగింటికి దొరకనే లేదు. ఈ-వే బిల్లులు చూపించి నెట్టుకొచ్చాము.

నవంబరులో ఫిర్యాదు దాఖలు చేశాము. దాఖలు చేయడం కష్టమేమీ కాదు. ఉద్యం నంబరు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు), కొనుగోలుదారు వివరాలు, పర్చేజ్ ఆర్డర్లు, ఇన్వాయిస్‌లు ఎక్కిస్తే అయిపోతుంది. కాని ఉద్యం తేదీ మాత్రం ముందే చూసుకోవాలి. దానికి ముందున్న పాత ఉద్యోగ్ ఆధార్ నమోదు 2022 జూన్ 30 తర్వాత చెల్లలేదు. మేము 2021లోనే మారాము కాబట్టి ఇబ్బంది రాలేదు. సరుకు పంపిన నాటికి నమోదు లేకపోతే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. మేము అడిగింది 45 రోజులు దాటిన 1.51 కోట్ల అసలు, దాని మీద వడ్డీ.

డిసెంబరు నుంచి ఊహించినట్టే షెడ్యూలు మూడోవంతుకు పడిపోయింది. ఎవరూ కోపంగా మాట్లాడలేదు, ఎవరూ మమ్మల్ని తీసేశామని చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం వచ్చే ఈమెయిల్‌లో వరుసలు తగ్గాయి, అంతే.

కౌన్సిల్ ముందు రాజీ విచారణ మొదటిసారికి వాళ్ళు పంపిన కుర్ర లీగల్ అధికారి గడువు అడిగి వెళ్ళిపోయాడు. రెండోసారి, 2024 ఫిబ్రవరిలో, ఫైనాన్స్ మేనేజరు స్వయంగా వచ్చారు. ఆయన ధోరణి పూర్తిగా మారిపోయి ఉంది. రాజీ కుదరకపోతే వ్యవహారం ఆర్బిట్రేషన్‌కు వెళ్తుందనీ, అక్కడ వచ్చే తీర్పును సవాలు చేయాలంటే 75 శాతం ముందుగా డిపాజిట్ చేయాలనీ వాళ్ళకు మొదటినుంచీ తెలుసు. దానికి వాళ్ళు భయపడలేదు. వాళ్ళను కదిలించింది వేరే చట్టం. 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపన్ను చట్టంలో 43బి(హెచ్) అనే సెక్షన్ చేర్చింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లించవలసినది ఎంఎస్ఎంఈడీ చట్టం గడువు దాటి, మార్చి 31 నాటికీ బాకీగానే ఉండిపోతే, ఆ ఏడాది దాన్ని ఖర్చుగా చూపించుకోవడానికి లేదు. దాని మీద పన్ను కట్టుకోవాలి. అది మొదటిసారి వర్తించిన ఆర్థిక సంవత్సరం సరిగ్గా 2023-24. మాలాంటి సప్లయర్లు ఎంతోమంది ఉన్న కంపెనీకి ఆ లెక్క చిన్నది కాదు. మా మీద జాలితో కాదు, తమ ఆడిటరు భయంతో వాళ్ళు ఆ రోజు బల్ల ముందు కూర్చున్నారు. అదే సెక్షన్ వల్ల ఆ మార్చిలో, ఉద్యం నమోదు రద్దు చేసుకుంటేనే ఆర్డరిస్తామని కస్టమర్లు అడిగారని మా వీధిలోనే ఇద్దరు చెప్పారు. ఒకే నిబంధన ఒకరికి డబ్బు తెచ్చిపెట్టి ఇంకొకరి పని పోగొట్టింది.

వడ్డీ మా లెక్క ప్రకారం దాదాపు 13 లక్షలు. అయిదు లక్షలకు ఒప్పుకున్నాము. అసలులో ఒప్పుకున్న 2.1 లక్షలు పోగా మిగతాది రెండు విడతల్లో, చివరిది మార్చి 30న, మా ఖాతాలో పడింది. హక్కుగా వచ్చే ఎనిమిది లక్షలు వదులుకున్నందుకు మా ఆడిటరు గారు ఇప్పటికీ నన్ను ఒప్పుకోరు. కాని ఆ రోజు నాకు కావలసింది తీర్పు కాదు, ఏప్రిల్ జీతాలు. నగలు అదే వారం విడిపించాము.

డబ్బు వచ్చాక అసలు సమస్య ఎదురైంది. బాకీ తీరింది కాని పని లేదు. నెలకు 53 లక్షలుగా ఉన్న అమ్మకాలు 28 లక్షలకు పడ్డాయి. ఆ ఏడాది నేను తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా కష్టమైనది మనుషులను తగ్గించడం. ఒడిశా నుంచి వచ్చిన నలుగురు తిరిగి వెళ్ళారు, ఇద్దరు వయసు రీత్యా మానుకున్నారు, ముగ్గురిని పక్క షెడ్లలో నేనే మాట్లాడి పెట్టించాను. ముప్పై నాలుగు మంది ఇరవై అయిదు మంది అయ్యారు. 2018 నాటి వీఎంసీని 14 లక్షలకు అమ్మి, దాని మీది బాకీ 5 లక్షలు కట్టేశాము. ఆ మిషన్‌ను లారీ ఎక్కిస్తుంటే నాన్నగారు షెడ్డుకు రాలేదు.

ఈ దశలోనే నేను ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. ఒకరికి విడిభాగాలు చేసే బదులు మన పేరుతో సొంత వస్తువే అమ్ముదామన్న ఉత్సాహంతో నలభై మిల్లింగ్ వైస్‌లు తయారుచేయించాను. పనితనంలో వంక పెట్టడానికి లేదు. కాని రాజ్‌కోట్ నుంచి వచ్చే వైస్ మా ముడిసరుకు ధరకే బజారులో దొరుకుతుంది. అది మార్కెట్‌కు వెళ్ళి కనుక్కోవడానికి ఒక్క పూట చాలు, నేను ఆరు లక్షలు పెట్టాక కనుక్కున్నాను. పదకొండు అమ్ముడయ్యాయి. మిగిలినవి ఇప్పటికీ పై అటకమీద ఉన్నాయి.

పని మళ్ళీ మొలకెత్తిన చోటు నేను వెతికినది కాదు. జీడిమెట్లలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైను షాఫ్టు విరిగితే, ఎవరో మా పేరు చెప్పారట, రాత్రి తొమ్మిదింటికి వాళ్ళ మెయింటెనెన్స్ ఇంజనీరు విరిగిన ముక్కతోనే మా షెడ్డుకు వచ్చాడు. మిషన్ ఖాళీగా ఉంది కాబట్టి తెల్లారేసరికి చేసి ఇచ్చాము. ధర అడగకుండానే ఇచ్చిన మొత్తం మా గంట రేటుకు రెట్టింపు. పైగా డబ్బు నాలుగో రోజున వచ్చింది. లైను ఆగితే వాళ్ళకు పూటకు పోయేదాని ముందు మా బిల్లు లెక్కలోది కాదు. ఇలాంటివాళ్ళు జీడిమెట్ల నుంచి చర్లపల్లి దాకా ఎందరో ఉన్నారనీ, వాళ్ళకు కావలసింది చౌక రేటు కాదు, తక్షణం దొరికే మిషన్ అనీ అప్పుడు తట్టింది. నిండా షెడ్యూళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆ తలుపు మాకు కనిపించే అవకాశమే లేదు.

అందుకే ఉన్న ఒక్క వీఎంసీకీ రెండో షిఫ్టులో ఏ షెడ్యూలూ ఇవ్వకూడదని నిర్ణయించాము. బ్రేక్‌డౌన్ స్పేర్లు వస్తే చేస్తుంది, రాకపోతే ఊరికే ఉంటుంది. గంట రేటు 900. దీన్ని నాన్నగారికి ఒప్పించడం కౌన్సిల్ ముందు వాదించడం కన్నా కష్టమైంది. నలభై ఏళ్ళు మిషన్ ఆగితే పాపమన్నట్టు బతికిన మనిషికి, జీతమిచ్చి ఆపరేటరును కూర్చోబెట్టి మిషన్ ఆపి ఉంచడం వ్యాపారమని చెబితే ఎలా రుచిస్తుంది? మొదటి రెండు నెలలు నాకే ధైర్యం చాలలేదు. రాత్రి షెడ్డు ముందు నుంచి వెళ్తూ లోపల నిశ్శబ్దంగా ఉంటే గుండె జారిపోయేది. మూడో నెలలో ఆ షిఫ్టులో 71 గంటలు పని దొరికింది. పాత రేటుకు 116 గంటలు నడిపినంత రాబడి, అదీ రొక్కంగా.

పద్ధతుల్లో మార్చినవి కొద్దే. ప్రతి సోమవారం ఉదయం అరగంట నేను, ఫోర్‌మన్ గారు, అకౌంట్స్ అమ్మాయి కూర్చుని రాబోయే పదమూడు వారాల్లో వచ్చే డబ్బు, పోయే డబ్బు ఒకే షీటు మీద చూస్తాము. కొటేషన్లు ఇప్పుడు ఫోర్‌మన్ గారే వేస్తారు. సెట్టింగుకు ఎన్ని గంటలు పడుతుందో నాకన్నా ఆయనకే తెలుసు. ఒక్క కస్టమరు 30 శాతం దాటకూడదని గోడ మీద రాసుకున్నాము. పాటించలేకపోతున్నాము. ఒక ప్యాకింగ్ మిషనరీ కంపెనీ ఇప్పుడే 38 శాతంలో ఉంది, వాళ్ళు ముప్పయ్యో రోజున కచ్చితంగా ఇస్తారు కాబట్టి వద్దనే మనసు రావడం లేదు. 2024-25లో మా అమ్మకాలు 4.1 కోట్లు, సీసీలో వాడకం 60 లక్షల లోపు. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ పరిశ్రమ పరిమితిని 10 కోట్ల టర్నోవరుకు, 2.5 కోట్ల పెట్టుబడికి పెంచారు కనుక, కాగితాల మీద చిన్న పరిశ్రమ నుంచి మళ్ళీ సూక్ష్మ పరిశ్రమ అయ్యాము. నాన్నగారు ఆ సర్టిఫికెట్ చూసి, "నేను మొదలుపెట్టిన చోటికే తెచ్చావు" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

మొన్న ఆ వాల్వుల కంపెనీ నుంచి కొత్త పర్చేజ్ అధికారి ఫోన్ చేశారు. మా స్థానంలో పెట్టుకున్న వెండరు దగ్గర రిజెక్షన్లు ఎక్కువగా ఉన్నాయట, రెండు రకాల వాల్వు బాడీలకు రేటు పంపమన్నారు. ఫోర్‌మన్ గారు సెట్టింగు గంటలు కలిపి, లాటుకు కనీసం అరవై ముక్కలు ఉండాలని రాసి కొటేషన్ వేశారు. రేటుకు వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు. నాలుగు రోజుల్లో పర్చేజ్ ఆర్డరు వచ్చింది, అడుగున ఎప్పటిలాగే అచ్చయిన వాక్యంతో: చెల్లింపు గడువు 90 రోజులు. ఆ గీత కొట్టేసి, పైన 45 అని రాసి, ముడిసరుకుకు 30 శాతం అడ్వాన్సు అని చేర్చి, సంతకం పెట్టి తిప్పి పంపాను. పదకొండు రోజులైంది, ఇంకా జవాబు రాలేదు. "ఆ పనికి టూలింగ్ తెప్పించనా చిన్న సార్?" అని ఫోర్‌మన్ గారు నిన్న అడిగారు. అప్పుడే వద్దన్నాను.